రెండున్నర మంది కూలీలు

ఆ ఏడు వేసవి సెలవుల చివర్లో సికింద్రాబాద్‌లో ఒక నవ్వులాట కథ బయల్దేరింది. ఆడపిల్లల కాలేజీలో ఇంటర్మీడియట్ ప్రవేశానికి లెక్కల పరీక్ష పెట్టారు. చెరువుకట్ట వెయ్యడానికి ఎంతమంది కూలీలు కావాలి అని అందులో ఒక ప్రశ్న. ఎవరో పిల్ల 'రెండున్నర మంది' అని జవాబు రాసిందట. ఆ పేపర్లు దిద్దిన లెక్కల లెక్చరర్ ఆర్థర్ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నిలబడి ఈ సంగతి చెబుతుంటే చుట్టూ చేరినవాళ్ళు కడుపులు పట్టుకున్నారు. ఆ అరమనిషి గంప మోసే సగమా, కాళ్ళున్న సగమా అని ఒకరు. భోజనానికి మాత్రం నిండుగా వస్తాడులే అని ఇంకొకరు. కాంతమణి టీచరు కూడా నవ్వింది. ముప్పై ఏళ్ళు మిషను స్కూల్లో ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇలాంటివి ఎన్ని చూడలేదు! అయినా ఆ రోజు మాత్రం కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. ఆ నవ్వు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత ఆవిడకు దానితో పని పడింది.

కాంతమణిది బందరు. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, ఇక్కడే తల నెరిసింది. పెళ్ళి చేసుకోలేదు. రెజిమెంటల్ బజార్‌లో దుకాణాల వెనక మేడమీద రెండు గదుల్లో ఉండేది. ఆవిడ చేతిలో చదివిన పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, ఆఫీసుల్లో గుమాస్తాలయ్యారు. ఇంతెందుకు, ఆ ఆర్థర్‌కే చిన్నప్పుడు భిన్నాలు నేర్పింది ఆవిడ.

ఆ వారంలోనే బ్రహ్మచారి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు చూసి సన్యాసి అనుకునేరు, పెళ్ళాం పిల్లలున్న వడ్రంగి. వడ్లవాళ్ళలో ఆ పేరు మామూలే. దొరల బంగళాలకు బీరువాలూ బల్లలూ చేసినవాడు. కాంతమణి కూర్చునే పడక్కుర్చీ అతని చేతి పనే. గుమ్మంలో చెప్పులు విడిచి, కుర్చీ కాలు కదులుతోందేమో ఒకసారి చేత్తో ఊపి చూసి, అప్పుడు వచ్చిన పని చెప్పాడు. పిల్ల పేరు సుమిత్ర. హుస్సేన్‌సాగర్ అవతల సిటీలో ఉర్దూ బడిలో మెట్రిక్ దాకా చదివింది. అక్కడ లెక్కల్లో ఎప్పుడూ ముందే. ఇప్పుడు ఈ ఇంగ్లీషు కాలేజీ పరీక్షలో మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కల్లో మాత్రం నూటికి పందొమ్మిది వచ్చాయి. ఒక్క సబ్జెక్టులో తప్పినవాళ్ళకు కాలేజీ తెరిచేలోపు ఇంకొక్క పరీక్ష పెడతారట. అందులో నలభై రావాలి.

"ఈసారి సుత తప్పితే ఇగ నాతోని గాదు టీచరమ్మా," అన్నాడు బ్రహ్మచారి. "కాప్రాల ఉన్న మా అక్క తన కొడుక్కు పిల్లనియ్యమంటున్నది. మా ఇంటిది దేవమ్మ సుత చేద్దామనే అంటున్నది. పిల్లనేమొ సదువుత అంటది. నడుమ నేను నలుగుతున్న. జెర మీరే చూడాలె."

సుమిత్ర అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడింది. సన్నగా, పొడుగ్గా, మొహంలో నవ్వనేదే లేకుండా ఉంది. తండ్రి మాట ముగిసీ ముగియకముందే ఒక్క మాట అంది.

"నేను రెండున్నర రాయలే టీచర్. రెండు వందల అయిదు రాసిన."

కాంతమణి ఉలిక్కిపడింది. ఓహో, ఆ పిల్ల ఈ పిల్లేనా! ఊరంతా నవ్విన సంగతి ఆ ఇంటి దాకా కూడా చేరిందన్న మాట. జాలివేసింది. కానీ ఆ జాలి వెనకే చికాకు కూడా వచ్చింది. ఆర్థర్ తన కళ్ళతో చూసి చెప్పాడు. అబద్ధమాడే కుర్రాడు కాడు. మరి అబద్ధం ఎవరిదో వేరే చెప్పాలా? లెక్క తప్పితే దిద్దుకోవచ్చు గాని, తప్పిన లెక్కను రైటని బుకాయించే పిల్లను ఏం చేసుకోవాలి? ఆ మాట పైకి అనలేదు. బ్రహ్మచారి మొహం చూసి, రేపటి నుంచి మధ్యాహ్నం పూట పంపమంది.

మర్నాడు మొదలైంది ఆవిడ అసలు తిప్పలు. ఏ లెక్క ఇచ్చినా పిల్ల చేసేస్తోంది. వడ్డీ లెక్క, కాలమూ పనీ, వైశాల్యాలు, బీజగణితం, ఏదిస్తే అది. ఇంగ్లీషు మాట ఏదైనా అర్థం కాకపోతే అడుగుతుంది. చెప్పాక ఇక అడ్డే లేదు. కాకపోతే నెమ్మది. అంకె అంకెకూ ఆగి, బియ్యంలో రాళ్ళేరినట్టు చూసి చూసి రాస్తుంది. అయినా చివరికి జవాబు మాత్రం తప్పదు. ఇంత తెలిసిన పిల్లకు పందొమ్మిదేమిటి? కాంతమణికి రాత్రి కూడా అదే ఆలోచన.

పరీక్ష భయమేమోనని ఒక రోజు కూర్చోబెట్టి, భయపడకూడదని బోధ చేసింది, ప్రార్థన కూడా చేసింది. సుమిత్ర బుద్ధిగా కళ్ళు మూసుకుని విని, ఆమెన్ అయ్యాక, తనకు భయం లేదని చెప్పింది. నిజంగానే ఆ పిల్ల మొహంలో భయం లేదు, మంట ఉంది.

ఇంకో రోజు పట్టుకుంది ఆవిడ: పిల్ల లెక్క చేసేటప్పుడు పెదాలు కదులుతున్నాయి. చెవి ఒగ్గి వింటే ఉర్దూలో ఏడో ఎక్కం. సాత్ అఠే ఛప్పన్, సాత్ నమ్మే తిర్సట్. దొరికిందిరా దొంగ అనుకుంది కాంతమణి. మనసులో ఉర్దూలో చేసి కాగితం మీద ఇంగ్లీషులో పెడుతోంది, ఇక ఆలస్యం కాక ఏమవుతుంది? ఈ గదిలో ఉర్దూ వినపడకూడదని హుకుం జారీ చేసింది.

ఆవిడకు ఆ భాషంటే ముందు నుంచీ పొసగదు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి కూడా టాంగావాడితో బేరానికి సరిపడా తప్ప నేర్చుకోలేదు. కంటోన్మెంటు బతుకంతా ఇంగ్లీషూ తెలుగూను. రోడ్డు పక్క మైలురాళ్ళ మీద ఆ అంకెలు కనపడితే కోడి గీరినట్టుందని మొహం తిప్పుకునేది. పైగా కిందటి సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి యూనియన్ సైన్యం దిగాక, నిన్నటిదాకా దర్బారులో ఉన్న భాష కాస్తా అందరి నోటా తిట్టయి కూర్చుంది. రజాకార్ల రోజుల్లో జనం పడ్డ బాధలకు ఆ భాషేం చేసింది పాపం, అయినా కోపం దాని మీదికే మళ్ళింది. సుమిత్ర చిన్నాన్న అయితే, ఇగ మన రాజ్యమొచ్చింది, ఈ గీతలెందుకని పిల్ల బడి పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టించాడు. కాలేజీలన్నీ ఇంగ్లీషుకు మారిపోతున్నాయి. మార్పు మంచిదే, కానీ నడుమ చిక్కుకున్న పిల్లల గోడు ఎవరికీ పట్టలేదు.

ఉర్దూ వద్దన్నాక సుమిత్ర కష్టపడి తెలుగులో లెక్కపెట్టబోయింది. ఏడు తొమ్మిదుల దగ్గర ఆగిపోయింది. తెలుగు ఎక్కాలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆ రోజు మొదటిసారిగా జవాబులు తప్పాయి. తలవంచుకుని కూర్చున్న పిల్లను చూసి కాంతమణి మెత్తబడి, మనసులో ఏ భాషైనా అనుకో, పెదాలు మాత్రం కదపకు అని రాజీకొచ్చింది.

ఒక గురువారం అసలు సంగతి బయటపడింది. ఆ రోజు స్త్రీల సమాజం మీటింగుంది. కింద రిక్షా వచ్చి నిలబడింది. కాంతమణి పలక సుమిత్ర చేతిలో పెట్టి, పటాలం గుర్రాల, ఉలవల బస్తాల లెక్క ఒకటి నోటితో గబగబా చెప్పి, తాను చీర మార్చుకుని వచ్చేలోపు చేసి చూపించాలని చెప్పి లోపలికెళ్ళింది. రిక్షావాడు కింద నుంచి గంట కొడుతున్నాడు. పైట పిన్ను పెట్టుకుంటూ ఆవిడ బయటికొచ్చేసరికి సుమిత్ర పలక ఎత్తి చూపించింది.

"నాలుగు పాయింట్ ఎనిమిది గుర్రాలా?" అంది కాంతమణి. "ఆ చివరి గుర్రానికి ఏమొచ్చిందే?"

సుమిత్ర పలక తనవైపు తిప్పుకుని చూసింది. "నాల్గు వందల ఎన్మిది టీచర్."

"మరి సున్న ఏదీ?"

"ఉన్నది గద," అంది సుమిత్ర, నాలుగుకూ ఎనిమిదికీ మధ్య ఉన్న చుక్క మీద వేలు పెట్టి. "గిదే సిఫర్."

కాంతమణి పిన్ను పెట్టుకుంటున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. రిక్షావాడు మళ్ళీ గంట కొట్టాడు. ఆవిడ కిటికీలోంచి వంగి వాణ్ణి వెళ్ళిపొమ్మంది.

ఉర్దూ అంకెల్లో సున్న అంటే చుక్క. అంతే, ఒక్క చుక్క. దశాంశానికి వాళ్ళకు వేరే గుర్తుంది, చుక్కతో దానికి పని లేదు. సుమిత్ర పదేళ్ళు సున్న బదులు చుక్క పెట్టింది. మిగతా అంకెలు ఆ భాషలో ఒక రూపం, ఇంగ్లీషులో ఇంకో రూపం కాబట్టి ఆమె చెయ్యి జాగ్రత్తపడింది. చుక్కకు రూపమేముంది? నెమ్మదిగా రాసినప్పుడు గుండ్రంగా సున్న చుట్టేది. తొందరపడిందా, చెయ్యి దాని దారిన అది చుక్క పెట్టేసేది. తిరిగి చూసుకున్నా ఆ కంటికి అది సున్నలాగే కనపడేది. దిద్దేవాడి కంటికి మాత్రం పాయింటు.

వెయ్యి రాయమంది కాంతమణి, గబగబా. సుమిత్ర ఒకటి వేసి, పక్కన మూడు చుక్కలు పెట్టింది. ఒకటీ, దాని వెనక వరసగా మూడు చీమలూ. అప్పుడు గాని ఆ పిల్లకు తన చేతి సంగతి తెలియలేదు. ఆ పలక వైపే చూసి, ఊపిరి పీల్చుకున్నట్టు అంది: "అంటే నేను అబద్ధం చెప్పలే టీచర్."

కాంతమణికి చర్చి ఆవరణలో తాను నవ్విన నవ్వు, కళ్ళజోడు తీసి తుడుచుకున్న కన్నీళ్ళు, అన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. లేదమ్మా, నువ్వు చెప్పలేదు, నేనే నమ్మలేదు అంది.

ఆ సాయంత్రమే ఆర్థర్ ఇంటికి వెళ్ళింది. కాగితం మీద 'రెండు, చుక్క, అయిదు' వేసి చూపించి సంగతి చెప్పింది. పద్ధతి అంతా సరిగ్గా చేసిన పిల్ల చివర్న ఇలా ఎందుకు రాసిందా అని తనకూ ఆ రోజు అనిపించిందనీ, నవ్వులో పడి ఆలోచించలేదనీ అతను ఒప్పుకున్నాడు. అయితే ఆ పేపరు మళ్ళీ దిద్దవయ్యా అంది కాంతమణి. దానికి మాత్రం ఒప్పుకోలేదు. జాబితా బోర్డు మీద పెట్టేశారు, ప్రిన్సిపాలు సంతకం అయిపోయింది.

"కాగితం మీద ఉన్నదానికే మార్కులు వెయ్యాలి టీచర్‌గారూ," అన్నాడు ఆర్థర్. "మళ్ళీ చుక్కలే పెడితే మళ్ళీ పందొమ్మిదే వేస్తాను. ఇది నాకు నేర్పింది మీరే."

నేర్పింది తానే మరి! విసురుగా లేచి వచ్చేసింది గాని, దారంతా అతని మాటే సరైనదని తెలుస్తూనే ఉంది.

సరే, జబ్బేమిటో తెలిసింది, ఇక మందెంత అనుకుంది. తెలిసినంత తేలిక కాలేదు. పేజీలకు పేజీలు సున్నలు చుట్టించింది. కూర్చుని సున్నలు చుట్టమంటే పూసల దండలా చుట్టేది సుమిత్ర. గడియారం ఎదురుగా పెట్టి లెక్కలిచ్చిందా, మూడో లెక్కకల్లా చుక్కలు వచ్చేసేవి. చుక్క పెట్టకూడదని మనసును చెయ్యి మీద పెడితే లెక్క తప్పేది. లెక్క మీద పెడితే చుక్క పడేది. కాంతమణి ఎర్ర పెన్సిలు పుచ్చుకుని, కనపడిన ప్రతి చుక్క చుట్టూ గీత చుట్టి కాగితం వెనక్కి ఇచ్చేది. అది ఆవిడ పాత పద్ధతి. ఇంటూ పెట్టదు, తప్పు ఉన్నచోట చుట్టూ గీస్తుంది, చూసుకో అని. పరీక్ష దగ్గరపడుతున్నకొద్దీ ఎర్ర గీతలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. ఇంటి దగ్గర కాప్రా మేనత్త వచ్చి మకాం పెట్టిందట. పోయిన తూరి రెండున్నర మంది, ఈ తూరి మూడున్నర మందా అని అందరి ముందూ అడుగుతోందట.

ఒక రోజు కాంతమణికి ఓపిక చచ్చింది. ఆ బడిలో నేర్చుకున్నదంతా మరిచిపోతే గాని నువ్వు బాగుపడవు, తుడిచి పారెయ్ అని గట్టిగా అరిచింది.

సుమిత్ర కలం కింద పెట్టింది. "అందరు గదే అంటున్నరు," అంది. "ఆపా చెప్పింది మర్చిపోతే నాకు లెక్కలే ఉండయి టీచర్. నాకు లెక్కలు ఆమె నోట్లకెల్లే వచ్చినయ్."

ఆ మధ్యాహ్నం మొదటిసారి సాజిదా ఆపా, అంటే సాజిదా అక్క, సంగతి చెప్పింది. బన్సీలాల్‌పేట్‌లో సుమిత్ర వాళ్ళ ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది ఆపా. ఆ ఉర్దూ బడిలో టీచరు. సుమిత్రను చిన్నప్పటి నుంచీ వెంటబెట్టుకుని బడికి తీసుకుపోయి తీసుకొచ్చేది. దారి పొడుగునా ఎక్కాలే. సిఫర్ దగ్గర కలం ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకోవాలి బేటా, మళ్ళీ పరుగెత్తాలి అని నేర్పింది ఆపానే. గడబిడ రోజుల్లో ఒకసారి సిటీలో గొడవలై రజాకార్లు టాంగాలు ఆపి చూస్తుంటే, సుమిత్రను తన బురఖా కొంగు కింద కూర్చోబెట్టుకుని, నా చెల్లెలి బిడ్డ అని చెప్పి ఇల్లు చేర్చింది. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. ఆపా తమ్ముణ్ణి ఏదో అడగాలని తీసుకుపోయారు. ఇంకా రాలేదు. ఆ ఇంటికి ఎవరు పోతున్నారో ఎవరు వస్తున్నారో సందులో అందరూ చూస్తుంటారని బ్రహ్మచారి కూతుర్ని పోనివ్వలేదు. తనూ పోలేదు. పోవాలని మాత్రం ఆయనకూ ఉందని సుమిత్రకు తెలుసు, ఆ ఇంటి తలుపులు చేసింది ఆయనే.

కాంతమణి కాగితాల కట్ట ముందుకు లాక్కుని, ఎర్ర పెన్సిలుతో చుక్కలు చుట్టడం మొదలుపెట్టింది. సుమిత్ర ఎదురుగా కూర్చుని ఆ చెయ్యినే చూస్తోంది. ఒక చుక్కా దాని చుట్టూ ఎర్ర గీతా, ఇంకో చుక్కా దాని చుట్టూ ఇంకో గీతా. ఉన్నట్టుండి పిల్ల లేచి వచ్చి కాగితం లాక్కుంది.

"టీచర్, గిప్పుడు ఇది ఎంత?" అంది, వేలు పెట్టి.

కాంతమణి చూసింది. మూడు, ఆవిడ చుట్టిన చుక్క, ఏడు.

"మూడు వందల ఏడు," అంది అప్రయత్నంగా. అని, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. నిజంగానే మూడు వందల ఏడు. సున్న మధ్యలో ఒక చుక్కుంది, అంతే.

సుమిత్ర అప్పటికే కలం తీసుకుంది. చుక్క పెట్టింది, చెయ్యి ఎత్తకుండానే చుట్టూ ఒక్క తిప్పు తిప్పింది. మళ్ళీ. మళ్ళీ. చుక్కను ఆపాల్సిన పని లేదు. దాని మానాన దాన్ని పడనిచ్చి, చుట్టూ గీత తిప్పితే చాలు.

"చుక్క ఆపాది, గీత మీది," అంది సుమిత్ర. అన్నాళ్ళలో ఆ పిల్ల నవ్వగా కాంతమణి చూడడం అదే మొదలు. ముందు పళ్ళు కాస్త ఎత్తు, నవ్వితే బాగుంటుంది. ఆవిడకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఏడుపు కనపడకుండా, గడియారం పెడుతున్నా, ఇక మొదలుపెట్టు అని కసిరింది.

పరీక్ష రోజు కాలేజీ వరండాలో కాంతమణీ బ్రహ్మచారీ పక్కపక్కనే కూర్చున్నారు. బ్రహ్మచారి కాసేపు బెంచీ అతుకులు తడిమి, దీన్ని చేసినవాడెవడో గాని పచ్చికర్ర వాడాడని చెప్పాడు. కాంతమణి ప్రార్థన చేసుకుందామనుకుంది గాని, ఎన్నిసార్లు కళ్ళు మూసుకున్నా చుక్కలే కనపడ్డాయి. గంట కొట్టాక సుమిత్ర బయటికొచ్చి, అన్నీ చేసిన, రెండుసార్లు చూసుకున్న, చుట్టనిది ఒక్కటి లేదు అని చెప్పింది. బ్రహ్మచారికి అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపాడు.

ఫలితం ఆర్థర్ తానే మేడ మీదికి వచ్చి చెప్పాడు. డెబ్భై ఎనిమిది. పోయినవి కూడా రేఖాగణితంలో పోయాయి. "ఆ సున్నలన్నీ కళ్ళు పెట్టుకుని నన్నే చూస్తున్నట్టున్నాయి టీచర్‌గారూ," అన్నాడు. సుమిత్ర వైపు తిరిగి, ఆ రోజు చర్చి దగ్గర తాను నవ్వించినందుకు క్షమించమన్నాడు. సుమిత్ర తల ఊపింది. ఊరు నవ్విన ఆ మాట ఊరికే పోతుందా, కొన్నాళ్ళుంటుంది. బ్రహ్మచారి మాత్రం కాప్రాకు ఆ పూటే కబురు పంపాడు: పిల్ల కాలేజీకి పోతున్నది, ఇప్పట్ల పెళ్ళి లేదు అని.

మర్నాడు బ్రహ్మచారి కూతురితో వచ్చి మిఠాయి పొట్లం కాంతమణి చేతిలో పెట్టి, బయటికి నడవబోతూ గుమ్మంలో ఆగాడు. "టీచరమ్మా, ఆపాకు చెప్పొస్తనంటున్నది పిల్ల. మీరు వెంట ఉంటే పంపుత." చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "కాదు, నేను సుత వస్త," అన్నాడు.

ముగ్గురూ పట్టపగలే బన్సీలాల్‌పేట్ వెళ్ళారు. సందులో అరుగుల మీదివాళ్ళు చూశారు. బ్రహ్మచారి వాళ్ళందరికీ వినపడేలా తలుపు తట్టాడు. లోపల చాప మీద కూర్చుని ఉంది సాజిదా ఆపా. కాంతమణి ఎవరో ముసలావిణ్ణి ఊహించుకుంది, ఈమెకు నలభై కూడా ఉన్నట్టు లేవు. కానీ మనిషి చిక్కి సగమైంది. సుమిత్రను చూడగానే చేతిలోని పలకను గబుక్కున దుపట్టా కింద దాచింది.

తమ్ముడి జాడ ఇంకా లేదని ఆమె చెప్పకముందే తెలిసింది. గదిలో రెండో మంచం మీద పక్క ఎత్తకుండా ఉంది. సుమిత్ర మార్కులు చెప్పింది. ఆపా ఆమె తలను దగ్గరికి లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. కాసేపటికి, దాచినందుకు నవ్వుకుంటూ తానే పలక బయటికి తీసింది. బడిలో ఈ ఏడు నుంచి ఇంగ్లీషు అంకెలతోనే లెక్కలు చెప్పాలట. బడి తెరిచాక తనిఖీవాళ్ళు వచ్చి చూస్తారట, ఆ అంకెలు రానివాళ్ళకు నౌకరీ ఉండదట. పలక మీద వంకరటింకర అంకెలున్నాయి, ఒకటో క్లాసు పిల్ల రాసినట్టు. సున్నలు రాయాల్సిన చోట సున్నలు లేవు, చుక్కలున్నాయి.

"చెయ్యి ఇంటలేదు బేటా," అంది ఆపా. "ఇన్నేండ్ల చెయ్యి."

సుమిత్ర చాప మీద ఆమె పక్కన కూలబడి, సుద్దముక్క ఆమె వేళ్ళ మధ్య పెట్టి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది. "చుక్క పెట్టుండ్రి ఆపా. పెట్టిండ్రా? ఇగ తీయకుండ్రి, చుట్టు తిప్పుండ్రి." ఆపా తిప్పింది. ఇద్దరి చేతుల కింద సున్న తయారైంది. ఆపా దాన్ని చూసింది, మళ్ళీ తానే ఒకటి వేసింది, మళ్ళీ ఒకటి. వెయ్యి రాసింది, పదివేలు రాసింది, పలక నిండేదాకా రాసింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గాని చెయ్యి ఆగలేదు. బ్రహ్మచారి తాను చేసిన తలుపు వైపు తిరిగి నిలబడి, బాగానే ఉన్న గడియను బాగుచేస్తున్నాడు.

కాంతమణి అక్కడ చెయ్యగలిగిందేమీ లేదు. మిఠాయి పొట్లం పట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళు ఈ ఊరి నీళ్ళు తాగి, ఈ ఊరి రోడ్ల మీద నడిచి, ఆ మైలురాళ్ళ మీది అంకె ఒక్కటి చదవడం రాదు తనకు. వచ్చి ఉంటే మొదటి రోజే పిల్ల మాట విని ఆ చుక్క సంగతి పట్టుకునేది. పిల్లను అబద్ధాలకోరు అనుకునేది కాదు. పొట్లం పక్కన పెట్టి పలక కోసం చెయ్యి చాచింది.

"సాజిదాగారూ, నాకు మీ అంకెలు రావు. నేర్పుతారా?" అంది.

ఆపా ఆవిడ మొహంలోకి చూసింది, ఎగతాళేమోనని. కాదని తెలిశాక కళ్ళు తుడుచుకుంది, పలకను దుపట్టా చెంగుతో తుడిచింది, నిటారుగా కూర్చుంది. ఒకటి నుంచి వరసగా వేసి కింద రాయమంది. కాంతమణి రాసింది. రెండూ మూడూ ఒకలాగే వచ్చాయి. నాలుగు దగ్గర ఆపా చెరిపేసి మళ్ళీ రాయించింది. అయిదు బోర్లా పడ్డట్టు వస్తే "గట్ల గాదు" అని మందలించింది. ఆ గొంతు వినగానే సుమిత్రకు నవ్వు ఆగలేదు, అది బడిలో విన్న గొంతు. కాంతమణి తాను అప్పటిదాకా ఎంతమంది పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టిందో గాని, ఇప్పుడు బుద్ధిగా దిద్దుకుంది.

తొమ్మిది అయ్యాక సున్న వచ్చింది. కాంతమణి సుద్దముక్క ఆనించి చుక్క పెట్టింది. పెట్టి, చేతి వాటానికి దాని చుట్టూ గీయబోయింది.

ఆపా ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆగుండ్రి టీచరమ్మా," అంది. "మా దాంట్ల గింతే."